మా ఇంటి పొగ ఎన్ని కిలోలు?

ఆఫీసులో ఏదైనా ప్రోగ్రామ్ నెమ్మదిగా నడుస్తుంటే, టైమ్ ఎక్కువగా ఎక్కడ పోతోందో ముందు కొలుస్తాం. కొలవకుండా కోడ్‌లో చెయ్యి పెడితే రోజంతా కష్టపడినా ఫలితం కనపడదు. కార్బన్ ఫుట్‌ప్రింట్ దగ్గరకొచ్చేసరికి మాత్రం చార్జర్ ప్లగ్ తీసేసి, స్ట్రా మానేసి హమ్మయ్య అనుకుంటాం. అందుకే ఓ ఆదివారం కూర్చుని నాది లెక్కేశాను. మీరూ వేసుకోవచ్చు. ఏడాది కరెంటు బిల్లులు, గ్యాస్ బుకింగ్ మెసేజ్‌లు, కాస్త ఓపిక ఉంటే చాలు.

మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది. ఒక్కో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఆ పొగ మన ఇంట్లో కనపడదు, రామగుండంలోనో మరోచోటో చిమ్నీలోంచి పోతుంది. కూకట్‌పల్లిలో అమ్మ, నాన్న, నేను ఉండే ఫ్లాట్‌లో ఏడాదికి 2,700 యూనిట్లు కాలాయి. అంటే 1,890 కిలోలు, నా వాటా 630. "ఏసీ నీ గదిలోనే ఉంది కదరా, సమానంగా ఎలా పంచుతావ్?" అని నాన్న అడ్డం తిరిగారు. పాయింటే! ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా నడిస్తే ఎనిమిది, పది యూనిట్లు. నా ఫోన్ చార్జింగ్‌కి ఏడాది మొత్తానికి అయ్యేది కూడా దాదాపు అంతే.

14.2 కిలోల గ్యాస్ సిలిండర్ పూర్తిగా కాలితే సుమారు 42 కిలోలు. ఏడాదికి ఎనిమిది వాడాం, నా వంతు 112. బైక్‌కి 120 లీటర్ల పెట్రోలు, లీటరుకి 2.3 చొప్పున 276.

నన్ను ఆశ్చర్యపరిచింది అన్నం. నీళ్లు నిలిచిన వరిమడిలో, గాలాడని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే కిలో బియ్యానికి మూడు కిలోలు అటూ ఇటూగా పడుతుంది. నెలకి పాతిక కిలోల బస్తా తెచ్చే ఇల్లు మాది, నా వాటా ఏడాదికి 300. మడిని మధ్యమధ్యలో ఆరబెడితే మీథేన్ బాగా తగ్గుతుంది గానీ, అది రైతు చేతిలో పని.

మొత్తం 1,318 కిలోలు. పాలు, చికెన్, బట్టలు కలిపితే ఇంకొంత. మన దేశ సగటు మనిషికి రెండు టన్నుల దగ్గర ఉంటుంది, అమెరికాలో దాదాపు 14. అన్నట్టు, కార్బన్ ఫుట్‌ప్రింట్ అనే మాటను ఇరవై ఏళ్ల కిందట ప్రకటనలతో జనంలోకి తీసుకెళ్లింది బీపీ అనే చమురు కంపెనీ. కాబట్టి పాపమంతా నా నెత్తినే వేసుకునే ఉద్దేశం లేదు. బొగ్గు స్థానంలో సోలార్ పెరిగితే నేనేం చేయకుండానే ఆ 630 తగ్గుతుంది.

అసలు చిక్కు విమానం టికెట్ల దగ్గర వచ్చింది. డాలస్‌లో ఉన్న అక్కకి ఏప్రిల్‌లో పురుడు. ముగ్గురం వెళ్దామని ప్లాన్. గల్ఫ్ మీదుగా రానూపోనూ దాదాపు 30 వేల కిలోమీటర్లు. ఎకానమీ సీటుకి కిలోమీటరుకి 80 గ్రాములు వేసుకున్నా మనిషికి 2,400 కిలోలు. నా ఏడాది లెక్కకి దాదాపు రెట్టింపు!

ఇదే అమ్మకి చూపించాను. "మరి దానికి బాలింత పనులు ఎవరు చేస్తార్రా? నీ ఎక్సెల్ చేస్తుందా?" అంది.

నిజమే. అమ్మానాన్న వెళ్లి ఆర్నెల్లు ఉంటారు. పురిటి మంచం దగ్గర అమ్మ చేసే పని ఇంకెవరూ చేయలేరు, ఆ కిలోలు ఖర్చుపెట్టొచ్చు. నేను వెళ్లేది పది రోజులకి, ఫొటోలు తీయడానికి. ఏసీ ఆపి 2,400 కిలోలు మిగల్చాలంటే దాదాపు 380 రాత్రులు పడుతుంది. మూడు నెలల ఎండాకాలం చొప్పున నాలుగేళ్లు. "నువ్వెక్కకపోతే విమానం ఆగుతుందా?" అన్నాడు పక్క సీటు మిత్రుడు. ఆగదు. కానీ అందరూ ఇలాగే అనుకుని టికెట్లు కొంటేనే కదా, ఆ రూట్లో ఇంకో విమానం వేసేది.

నా టికెట్ మానేశాను. బారసాలకి రావా అని అలిగి అక్క రెండు రోజులు ఫోనెత్తలేదు. బావ మాత్రం ఆ షీట్ పంపమన్నాడు, వాళ్ల ఇంటిది కూడా వేసి చూస్తాడట.