అద్దాల పెట్టెకు అవతలి చదువు

మ్యూజియంలోకి కొత్తగా ఒక రాతి శిల్పం వచ్చిందనుకుందాం. దానికి నంబరు వేయాలి. చూడటానికి చిన్న పనే. ముందు చూసేవారి కంట పడని చోటు వెతకాలి. అక్కడ పారలాయిడ్ అనే పారదర్శకమైన పూత పూసి, ఆరాక సన్నటి కలంతో అంకెలు రాసి, పైన మరో పూత వేయాలి. రేపెప్పుడైనా నంబరు తీసేయాల్సి వస్తే అసిటోన్‌లో తడిపిన దూదితో తుడవగానే పోవాలి, రాయికి మరక మిగలకూడదు. వస్తువు మీద ఏం చేసినా, వీలైనంతవరకు దాన్ని మళ్లీ తీసేయగలిగేలా ఉండాలి. మ్యూజియాలజీ (మ్యూజియం శాస్త్రం) విద్యార్థికి మొదట ఒంటబట్టాల్సిన సూత్రమిది.

మన దేశంలో ఈ చదువు 1952లో బరోడా విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఢిల్లీలో 1989లో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ డీమ్డ్ విశ్వవిద్యాలయంగా ఏర్పడి, జనపథ్‌లోని నేషనల్ మ్యూజియం భవనంలోనే తరగతులు నడిపింది. కళాచరిత్ర, పరిరక్షణ, మ్యూజియాలజీ అందులోని విభాగాలు. ఇప్పుడది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ అనే పేరుతో నోయిడా సెక్టార్ 62లో ఉంది. చోటు పెరిగింది, నిజమే. కానీ పాఠం ముగియగానే మెట్లు దిగి, పదిన్నర సెంటీమీటర్ల మొహెంజోదారో నర్తకి బొమ్మ ముందు నిలబడే వీలు పోయింది. చేత్తో నేర్వాల్సిన విద్యకు ఇది చిన్న లోటు కాదు. గ్యాలరీల్లో గడిపే గంటలను పాఠ్యక్రమంలో గట్టిగా నిలబెట్టుకోవాలి.

ఆ గ్యాలరీలే ఒక పాఠ్యపుస్తకం. పట్టుబట్టలు, కాగితం, నీటిరంగుల చిత్రాల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడకూడదన్నది స్థూలమైన లెక్క. సూక్ష్మచిత్రాల గదులు మసకగా ఉండేది అందుకే. పైగా ఢిల్లీ వాతావరణం ఒకటి. మే నెల వడగాడ్పులకు ఎండి పగిలే చెక్క, జులై వానలకు తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏటా ఇదే వరస.

ఈ మ్యూజియం భవనాన్ని 1960 డిసెంబరు 18న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. తొలి డైరెక్టర్ గ్రేస్ మోర్లీ అమెరికా నుంచి వచ్చారు. అంతకుముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆధునిక కళా మ్యూజియం నడిపిన అనుభవం ఆమెది. డైరెక్టర్ పదవి వీడాక కూడా ఆమె ఢిల్లీలోనే ఉండిపోయి, ఆసియా దేశాల మ్యూజియం ఉద్యోగుల శిక్షణకు పాటుపడ్డారు.

ఇప్పుడు చదువుతున్నవారి ముందు పెద్ద పని ఉంది. ఢిల్లీలోని నార్త్, సౌత్ బ్లాకుల్లో ‘యుగే యుగీన్ భారత్’ పేరిట కొత్త జాతీయ మ్యూజియం తెస్తామని కేంద్రం 2023లో ప్రకటించింది. ఇప్పటి మ్యూజియంలో ఉన్నవి రెండు లక్షలకు పైగా వస్తువులు. వాటిని తరలించాలంటే ఒక్కొక్కదాని స్థితిని రాసుకోవాలి, ఫొటో తీయాలి, ఒరిపిడి తగలకుండా పెట్టెల్లో సర్దాలి, చేరాక మళ్లీ సరిచూడాలి. ఆ జాబితాలో ఒక్క వరస తప్పినా ఒక వస్తువు ఆచూకీ పోయినట్టే.

ఆ వస్తువుల్లో నాగార్జునకొండ నుంచి వచ్చిన మూడో శతాబ్దపు శిల్పాలూ ఉన్నాయి. నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునగబోతుంటే 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను విప్పి కొండమీద తిరిగి నిలబెట్టారు. దొరికినవి చాలావరకు అక్కడి దీవి మ్యూజియంలోనే ఉన్నాయి. ఢిల్లీలో కొన్ని, ఆ దీవిలో కొన్నిగా విడిపోయిన ఈ శిల్పాలన్నిటికీ ఒకే వివరాల పట్టిక తయారుచేసి, ప్రతిదానికీ తెలుగులో వివరణ రాయడం ఎంఏ చివర సమర్పించే పరిశోధన వ్యాసానికి చక్కగా సరిపోయే పని.