దూబగుంట నేర్చిన పాలన

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు 1959లోనే ఏర్పడ్డాయి. అయితే నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో కూలీనాలీ చేసుకునే ఆడవాళ్లు గుంపుగా వచ్చి ఊరి సంగతి తేల్చడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. దానికి నాంది పలికింది సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమపు రాత్రి బడి.

ఉదయగిరి నియోజకవర్గం, కలిగిరి మండలంలోని దూబగుంటలో పొద్దంతా పనిచేసి వచ్చిన ఆడవాళ్లు పలకా బలపం పట్టారు. సారా అంగడి మూయించిన ఆడవాళ్ల కథ వాళ్ల వాచకంలో ఒక పాఠం. చదివిన పాఠం వాళ్ల ఇంటి గోడే: మగవాడి కూలి డబ్బులు సాయంత్రానికి సారా ప్యాకెట్లయిపోయేవి, పొయ్యి మీదికి ఎసరు ఎక్కేది కాదు. దూబగుంట రోసమ్మ వంటివారు ముందు నడవగా ఊళ్లో అంగడి మూతపడింది. 1992లో జిల్లాలోని వందల ఊళ్లు అదే దారి పట్టాయి. ఏటా జరిగే సారా పాటలకు ఆడవాళ్లు అడ్డం నిలిచారు. సారా రాబడి మీద ఆధారపడిన ప్రభుత్వం చివరికి దిగివచ్చింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించింది.

జిల్లాలో నిషేధం వచ్చిన తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 24న, పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సీట్లలో మూడో వంతు మహిళలకు దక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది సగం.

నెల్లూరులో అప్పుడే పొదుపులక్ష్మి అనే మహిళల పొదుపు సంఘాలు మొదలయ్యాయి. రోజుకో రూపాయి దాచుకునే ఆ సంఘాల విలువ డబ్బు లెక్కలో తేలదు. నాయకురాలిని ఎన్నుకోవడం, తీర్మానాల పుస్తకం రాయడం, అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో చాప మీద కూర్చుని వాదించి తేల్చుకోవడం, లెక్క అందరి ముందూ చదవడం ఆ సంఘాల్లో రోజువారీ పని. ప్రజాస్వామ్యానికి ఇంతకు మించిన బడి మరొకటి లేదు. ఈ సంఘాలు తర్వాత గ్రామైక్య సంఘాలుగా, మండల సమాఖ్యలుగా అల్లుకున్నాయి.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని ప్రభుత్వం 1997లో సడలించింది. పొదుపు సంఘాలు మాత్రం నిలిచాయి. వాటి సభ్యులకు ఇంకా పూర్తిగా దక్కాల్సింది గ్రామసభ. చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాల్సిన ఆ సభకు ఊరి ఓటర్లంతా సభ్యులే. సంఘం మీటింగుకు వెళ్లే అక్కచెల్లెళ్లు గ్రామసభకూ రావాలి, తీర్మానం పైకి చదివించుకున్నాకే సంతకం పెట్టాలి.