మిరపకోతల కాలమున పసిబిడ్డల సంరక్షణ

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తితీతలు ముగియువేళకు మిరపకోతలు ఆరంభమగును. కర్నూలు జిల్లా పడమటి గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములే వలసవచ్చి చేలచెంత గుడారములు వేసికొందురు. తల్లులతోపాటు చంటిబిడ్డలును వత్తురు. చెట్టుకొమ్మకు చీర ఉయ్యెల కట్టి, ఎనిమిదేండ్ల అక్కను కాపుంచి తల్లి చేలోనికి దిగును. మిరపఘాటుకు బిడ్డ కన్నులు మండును. అక్క చదువు ఆగిపోవును. తల్లి బిడ్డకొరకు నిలిచిపోయినచో ఆనాటి కూలి పోవును. బిడ్డ సంరక్షణకు పేదకుటుంబము చెల్లించు మూల్యము ఇదియే.

ఈ భారమును తగ్గించు మార్గములు కలవు. కాన్పు సమయమున కలుగు కూలినష్టమునకు ప్రధానమంత్రి మాతృవందన యోజన క్రింద అర్హులైన తల్లులకు మొదటి కాన్పునకు 5,000 రూపాయలు, రెండవబిడ్డ ఆడపిల్లయైనచో 6,000 రూపాయలు లభించును. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల ఫలమైన అంగన్‌వాడీలలో ఆరేండ్లలోపు పిల్లలకు పోషకాహారము ఉచితము. కాని చంటిబిడ్డను దినమంతయు ఉంచుకొనుట సాధారణ అంగన్‌వాడీకి సాధ్యముకాదు. ఆ లోటు తీర్చుటకు 2022లో మిషన్ శక్తి క్రింద పాల్నా పథకము వచ్చినది. దీనిచే అంగన్‌వాడీకి శిశుసంరక్షణ కేంద్రమును జతచేయవచ్చును. ఆరు నెలలనుండి ఆరేండ్లవరకు గల 25 మంది పిల్లలను, నెలకు 26 దినములు, దినమునకు ఏడున్నర గంటలు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు చూచుకొందురు. మన రాష్ట్రమున వ్యయములో 60 పాళ్లు కేంద్రము, 40 పాళ్లు రాష్ట్రము భరించును.

పంచాయతీ చేయవలసినదేమి? రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధి 25వ అంశముగ చేర్చబడియున్నది. కనుక ఇది పరులపని కాదు. కోతలకు ముందే గ్రామమున ఆరేండ్లలోపు పిల్లలెందరో లెక్కింపుడు. కోతలు మొదలుకాగానే గుడారములలోని బిడ్డలను ఆ లెక్కలో చేర్చుడు. గ్రామసభలో తీర్మానించి శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి పంపుడు. గాలి, వెలుతురు, మంచినీరు, మరుగుదొడ్డి గల గదిని చూపుడు. తల్లులు చేలకు పోవువేళకు తలుపు తెరువని కేంద్రము వారికి ఉపకరింపదని గుర్తుంచుకొనుడు. వలసబిడ్డ పేరు స్వగ్రామమున నమోదై యున్నచో, పోషణ్ ట్రాకర్ ద్వారా దానిని ఇచటికి మార్పించవచ్చును.

కేంద్రము మంజూరగువరకు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమున ఒక మంచి నియమముండెను: పనిచోట ఆరేండ్లలోపు బిడ్డలు ఐదుగురుగాని అంతకు మించిగాని యున్నచో, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి ఈయవలెను. రైతులు, ముఠామేస్త్రీలు కలిసి మిరపచేలలోను ఇట్లే చేయవచ్చునని మా సూచన. ఒక్క స్త్రీకి కూలి ఇచ్చినచో పలువురు తల్లులు నిశ్చింతగ కోయుదురు; అక్కలు బడికి పోవుదురు. ఈ విషయమును రాబోవు గ్రామసభ చర్చలో చేర్చుటకు సభ్యులు పూనుకొందురుగాక.