వైఫైలో అసలు కొరత గాలిలోనే

ఇంట్లో వైఫై ఆగి ఆగి వస్తుంటే చాలామంది మొదట చేసే పని ప్లాన్ పెంచడం. 100 మెగాబిట్ల కనెక్షన్ కాస్తా 300 అవుతుంది. అయినా గేటు దగ్గరి కెమెరా ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంది, పడకగది బల్బు పిలిచినా పలకదు. ఫైబర్ మన గుమ్మం దాకా తెచ్చే వేగం వేరు, అక్కడి నుంచి ఒక్కో పరికరం దాకా గాలిలో జరిగే రవాణా వేరు. బల్బులు, ప్లగ్గులు, ఏసీలు, స్పీకర్లు, కెమెరాలు, ఫోన్లు అన్నీ కలిపి ముప్పై దాకా చేరిన ఇంట్లో కొరత పడేది ఈ రెండోదానికే.

ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడాలి. మిగతావి ఆగి, విని, సందు దొరికాక పంపుకోవాలి. ఒకే గిలక ఉన్న బావి అనుకోండి. లోపల నీళ్లు ఎన్ని ఉన్నా వంతుల ప్రకారమే చేదుకోవాలి, ఒకరు మెల్లగా చేదితే వెనక నిలబడ్డవాళ్లందరికీ ఆలస్యమే.

ఆ ఆలస్యం ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. 1500 బైట్ల ప్యాకెట్ 100 మెగాబిట్ల వేగంతో వెళ్తే గాలిలో 0.12 మిల్లీసెకన్లు ఉంటుంది. అదే ప్యాకెట్‌ను సిగ్నల్ అందని మూల నుంచి ఒక పరికరం 1 మెగాబిట్ వేగంతో పంపితే 12 మిల్లీసెకన్లు, అంటే వంద రెట్లు. మరో లెక్క చూడండి. ప్రతి రూటరూ తన పేరు చాటుకుంటూ సెకనుకు పదిసార్లు చిన్న ప్రకటన పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో దాన్ని చాలా రూటర్లు అతి తక్కువ వేగంతో, అంటే 1 మెగాబిట్‌తోనే పంపుతాయి. ఒక్కొక్కటి 250 బైట్లు అనుకుంటే సెకనులో 20 మిల్లీసెకన్లు దానికే ఖర్చు. అపార్ట్‌మెంటులో ఒకే ఛానెల్ మీద ఇరవై నెట్‌వర్కులు వినిపిస్తుంటే, ఎవరూ ఏ వీడియో చూడకముందే గాలి సమయంలో నలభై శాతం దాకా పోతుంది. ఈ నష్టాన్ని ఏ ప్లానూ పూడ్చలేదు.

స్మార్ట్ బల్బులు, ప్లగ్గుల్లో ఎక్కువ భాగం 2.4 మీదే పనిచేస్తాయి. చవక చిప్పులు, పైగా గోడలు దాటడంలో ఆ తరంగాలు 5 గిగాహెర్ట్జ్ కన్నా మెరుగు. అందుకే ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లు 5 మీదకు వెళ్లిపోవాలి, 2.4ను ఈ చిన్నవాటికి వదిలేయాలి. రూటర్ సెట్టింగుల్లో రెండు బ్యాండ్లకూ వేరు వేరు పేర్లు పెడితే ఆ విభజన మన చేతిలోకి వస్తుంది. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో చూసి, వాటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకోండి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. 40కి పెంచితే పక్కింటి గాలిని కూడా ఆక్రమించినట్టే, వాళ్ల రద్దీ మనకూ అంటుకుంటుంది.

ఇక రూటర్ స్థానం. డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నా గట్టి నమ్మకం. కేబుల్ మనిషి తీగ ఎక్కడ లోపలికి తెస్తే అక్కడే రూటర్ ఉండిపోతుంది: హాల్లో టీవీ వెనక, లేదా అటక మీద. టీవీ వెనక లోహపు పలక, పక్కన ఇనుప బీరువా, పైన ఇనుప చువ్వల స్లాబు, అన్నీ సిగ్నల్‌కు అడ్డే. నిలువుటద్దం వెనక పూత, నీళ్ల ట్యాంకు కూడా అంతే. ఇంటి నడిమధ్యన, మనిషి ఎత్తున, నలువైపులా ఖాళీగా ఉండేచోటికి తీగ పొడిగించి పెట్టండి. రూటర్ పవర్ ఎంత పెంచినా సరిపోదు. రూటర్ కేక బల్బుకు వినిపించవచ్చు, బల్బు బదులు రూటర్‌కు వినిపించాలి కదా.

కెమెరాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలు ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల కోసం పెట్టించే పరికరాల్లో మొదటిది ఇదే. అది ఆగిపోతే అక్కడ ఒక మనిషికి ఆ రోజంతా మనసు కుదురుగా ఉండదు. గేటు దగ్గర సిగ్నల్ బలహీనమై కెమెరా 6 మెగాబిట్ల వేగమే అందుకుంటే, దాని 2 మెగాబిట్ల వీడియోకే ఆ ఛానెల్ గాలి సమయంలో మూడో వంతుకు పైగా పోతుంది. కదలకుండా ఒకచోట ఉండి నిరంతరం పంపే పరికరానికి తీగే సరైనది. పీఓఈ రకం కెమెరా అయితే ఒకే కేబుల్ మీద కరెంటు, డేటా రెండూ వెళ్తాయి. వంద మీటర్ల దాకా ఇబ్బంది లేదు. టీవీకీ అంతే, వీలుంటే తీగ వేయండి. అలా రెండు మూడు బరువైన పరికరాలను గాలి నుంచి తప్పిస్తే మిగతావాటికి దారి దొరుకుతుంది.

ప్రతి పరికరానికీ తీగ లాగలేని పెద్ద ఇంటికి, రెండంతస్తుల ఇంటికి మెష్, అంటే అక్కడక్కడా పెట్టిన పెట్టెలు కలిసి ఒకే వైఫైగా పనిచేసే ఏర్పాటు, మంచిదే. చవక రిపీటర్ మాత్రం విన్న ప్రతి ప్యాకెట్‌నూ అదే ఛానెల్ మీద మళ్లీ పలుకుతుంది కాబట్టి గాలి ఖర్చు రెట్టింపవుతుంది. మెష్ పెట్టెల మధ్య కేబుల్ ఉంటే అన్నిటికన్నా మేలు. ఇల్లు కడుతున్నవారు కరెంటు పైపులతో పాటు ప్రతి గదికీ ఈ కేబుల్ కోసం ఒక ఖాళీ పైపు వేయించుకోండి.

వైఫై 6 రూటర్ ఒకే వంతులో పలు పరికరాలకు ముక్కలు పంచగలదు. అయితే ఆ పరికరం కూడా వైఫై 6ది కావాలి, పాత బల్బుకు ఆ లాభం అందదు.

భద్రత విషయంలోనూ ఉదాసీనత వద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, రూటర్లలోకి దూరి, వాటిని దాడులకు ఆయుధాలుగా మార్చింది. ఆ అక్టోబరులో అలాంటి దాడి వల్లే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. కాబట్టి పరికరాల ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. స్మార్ట్ పరికరాలను గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే బ్యాంకు పనులు చేసే ల్యాప్‌టాప్‌కూ వాటికీ మధ్య ఒక గోడ ఉంటుంది. అయితే అలా విడదీశాక కొన్ని పరికరాలను ఫోన్ నేరుగా కనుక్కోలేదు, క్లౌడ్ ద్వారానే పలుకుతాయి.

రూటర్ మార్చేటప్పుడు పాత నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ కొత్తదానికీ అలాగే పెడితే చాలావరకు బల్బులు వాటంతట అవే వచ్చి చేరతాయి. పాత పాస్‌వర్డ్ బలహీనమైతే మాత్రం మార్చి, ఒక్కో బల్బునూ మళ్లీ కలపండి. పాత పరికరాలు డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా ప్రమాణాన్ని అర్థం చేసుకోలేవు, వాటి కోసం డబ్ల్యూపీఏ2, 3 కలిసిన సెట్టింగు ఎంచుకోవాలి. ఫైబర్ పెట్టెకూ రూటర్‌కూ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెడితే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రూటర్ లేచేదాకా ముప్పై పరికరాలు తలుపు దగ్గర కాచుకునే అవస్థ తప్పుతుంది.