ఉదాహరణకు రోజూ పరీక్షే

మదనపల్లె మార్కెట్ యార్డులో 30 కిలోల టమాటా బాక్సు 700 రూపాయలకు పోయిందనుకుందాం. కిలో ఎంత పడినట్టు? పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పటి వెర్షన్‌లో ఈ లెక్క వేస్తే 23.333333333333332 అంటుంది. పాత పైథాన్ 2లో ఇదే లెక్కకు 23 వచ్చేది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే మిగిలింది వదిలేయడం దాని పద్ధతి. సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌ను అడిగితే 70/3 అని భిన్నం చేతిలో పెడుతుంది. ఎవరి నియమం ప్రకారం వాళ్లది సరైన జవాబే. కానీ ఆ 23ను నమ్మి లెక్క కట్టారా, పుంగనూరు రైతుకు బాక్సుకు పది రూపాయలు ఎగిరిపోయినట్టే.

ఇప్పుడు ఇదే లెక్క ఒక సాఫ్ట్‌వేర్ వాడుక పుస్తకంలో ఉదాహరణగా ఉందనుకోండి. రాసినాయన పైథాన్ 2 రోజుల్లో రాశాడు, కింద 23 అని జవాబు అచ్చేశాడు. తర్వాత సాఫ్ట్‌వేర్ మారింది, పుస్తకం మారలేదు. కుప్పంలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఆ లైనును ఉన్నదున్నట్టు కొట్టి చూస్తే ఇంకేదో వస్తుంది. పుస్తకం తప్పని అతనికి తోచదు. తానే ఏదో పొరపాటు చేశానని గంటసేపు వెతుక్కుంటాడు. ఈ బాధ తప్పించడానికి పుట్టిన పనిముట్టు పేరు డాక్‌టెస్ట్.

దాన్ని రాసింది టిమ్ పీటర్స్. పైథాన్ భాషకు మొదటి రోజుల నుంచీ పనిచేసిన అమెరికన్ ప్రోగ్రామర్. జాబితాలను వరుసలో పెట్టే టిమ్‌సార్ట్ అనే పద్ధతి కూడా ఈయనదే. 1999లో ఆయన డాక్‌టెస్ట్‌ను నలుగురి ముందుకు తెచ్చాడు. 2001లో వచ్చిన పైథాన్ 2.1తో అది భాషలో భాగమైపోయింది. ఆలోచన చాలా చిన్నది. పైథాన్ తెరమీద మనం కొట్టే ప్రతి లైనుకూ ముందు మూడు కోణపు గుర్తులు ఉంటాయి, జవాబు కింది లైనులో వస్తుంది. ఆ తెరమీది సంభాషణను అలాగే కాపీ చేసి వివరణలో అతికించమన్నాడాయన:

>>> 700/30
23

మిగతాది యంత్రం చూసుకుంటుంది. పుస్తకమంతా చదువుకుంటూ పోతుంది. మూడు గుర్తులు కనపడినచోట ఆగి, ఆ లైనును నిజంగా నడుపుతుంది. వచ్చిన జవాబును కింద రాసినదానితో అక్షరం అక్షరం పోలుస్తుంది. సరిపోతే నోరు మెదపదు. సరిపోకపోతే ఫలానా ఫైలు, ఫలానా లైను, రావలసింది 23, వచ్చింది 23.333333333333332 అని పట్టిస్తుంది. చదివేవాడి కోసం రాసిన ఉదాహరణ, రాసినవాడికి పరీక్షగా మారింది. ఒకే రాతకు రెండు పనులు.

అక్షరం అక్షరం పోల్చడమే దాని బలం, దానితోనే తంటాలు కూడా. ఆ 23.333333333333332 చివర 2 ఎక్కడిదంటే, కంప్యూటర్ దశాంశాలను రెండు ఆధారంగా ఉన్న అంకెల్లో దాచుకుంటుంది. 70ని 3తో భాగిస్తే వచ్చే అనంతమైన మూళ్ల వరుసను అది ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు, ఆ కత్తిరింపు ఆనవాలే ఆ 2. ఒకప్పుడు పైథాన్ 0.1ని 0.10000000000000001 అని చూపేది. 3.1, 2.7 వెర్షన్లతో 0.1 అని చూపడం మొదలెట్టింది. లోపలి సంఖ్య అదే, పైకి కనిపించే రాత మారిందంతే. అయినా యంత్రం దృష్టిలో అలాంటి పాత ఉదాహరణలన్నీ తప్పులైపోయాయి. సమితుల సంగతి ఇంకా విచిత్రం. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి, పదాలున్న సమితిని అచ్చేస్తే ఒక్కోసారి ఒక్కో వరుసలో రావచ్చు. ఉదయం నెగ్గిన ఉదాహరణ మధ్యాహ్నం ఓడిపోతుంది. అయితే అంతకు చాలా ముందే, 2004లో పైథాన్ 2.4 కోసం ఎడ్వర్డ్ లోపర్ డాక్‌టెస్ట్‌ను బాగా తిరగరాసినప్పుడు కాస్త పట్టువిడుపు నేర్పారు. ఆ వెసులుబాటు అడిగి మూడు చుక్కలు పెడితే అక్కడ ఏముందో పట్టించుకోదు, అలాగే అడిగితే ఖాళీలు ఎక్కువైనా తక్కువైనా సర్దుకుంటుంది.

ఉదాహరణలను ఇలా పరీక్షించడాన్ని ఒక నియమం స్థాయికి తీసుకెళ్లింది మాత్రం సేజ్. 2005లో విలియం స్టైన్ అనే గణితజ్ఞుడు దాన్ని మొదలుపెట్టాడు. మ్యాథమెటికా, మేపుల్, మాగ్మా, మ్యాట్‌ల్యాబ్‌లకు డబ్బు కట్టనక్కరలేని ప్రత్యామ్నాయం కావాలన్నది ఆయన పట్టుదల. ఇక్కడ కొత్త ఫంక్షన్ చేర్చాలంటే దానికి నడిచే ఉదాహరణ ఉండి తీరాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. ఎవరో ఒక తప్పు పట్టుకుని సరిదిద్దితే, ఆ తప్పు మళ్లీ రాకుండా దాని నంబరు వేసి ఒక ఉదాహరణ అక్కడే నాటుతారు. దశాంశాల్లో ఇంత తేడా వరకు సరే అని లైను పక్కనే రాయవచ్చు. ఎక్కువసేపు పట్టేవాటికి వేరే గుర్తు. తెలిసిన తప్పు అని రాసే గుర్తు కూడా ఉంది. ఇంత నిజాయితీ మన గైడ్ పుస్తకాలకు ఎప్పుడు వస్తుందో!

సేజ్ లోపల పారి, గ్యాప్, మాక్సిమా, సింగ్యులర్ లాంటి పాత గణిత సాఫ్ట్‌వేర్లు బోలెడు పనిచేస్తుంటాయి. వాటిలో ఒకటి కొత్త వెర్షన్‌కు మారితే సేజ్‌లో ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా ఉదాహరణలు ఓడిపోతాయి. జవాబు తప్పయి ఉండనక్కరలేదు. గణితంలో ఒక ప్రశ్నకు సరైన జవాబులు చాలా ఉండవచ్చు. సైన్, కొసైన్ గుణకారానికి సమాకలనం చేయమంటే ఒకరు సైన్ వర్గంలో సగం అంటారు, ఇంకొకరు కొసైన్ వర్గంలో సగానికి మైనస్ పెడతారు. రెండిటికీ తేడా ఒక స్థిరాంకమే. ఇంటర్ చదివినవాళ్లకు తెలిసిందే, యంత్రానికి మాత్రం ఇవి రెండు వేరు వేరు మాటలు. అందుకని అనుభవం ఉన్నవాళ్లు జవాబును అచ్చేసి ఊరుకోరు. వచ్చినదాన్ని మళ్లీ అవకలనం చేసి, మొదటి ప్రశ్న తిరిగి వస్తుందా అని అడిగే ఉదాహరణ రాస్తారు.

ఉదాహరణ ఇచ్చి జవాబును సరిచూడటం మనకు కొత్తేమీ కాదు. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు సూత్రం చెప్పి వదిలేయలేదు. ఉద్దేశకమని ఉదాహరణ ఇచ్చి, న్యాసమని అంకెలు పరిచి, కరణమని లెక్క చేసి, కొన్నిచోట్ల ప్రత్యయకరణమని జవాబును సరిచూశాడు. 1881లో పెషావర్ దగ్గర దొరికిన బక్షాలీ రాతప్రతిలోనూ ఈ సరిచూసే అంగం ఉంది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. మహావీరుడి గ్రంథంలో దండల్లాంటి గుణకారాలు ఉంటాయి. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వస్తాయి. ఆ ఉదాహరణను ఇవాళ డాక్‌టెస్ట్‌కు ఇస్తే:

>>> 152207*73
11111111

యంత్రం నోరు మెదపదు. పదకొండు వందల ఏళ్లు దాటినా ఉదాహరణ చెక్కుచెదరలేదు.

ఇంత పొగిడినా ఒక మాట చెప్పక తప్పదు. పుస్తకం, ప్రోగ్రామూ ఒకే మాట చెబుతున్నాయా అనేదే డాక్‌టెస్ట్ చూస్తుంది. ఆ మాట నిజమా అని చూడదు. ప్రోగ్రాములోనే తప్పుంటే, అది ఇచ్చిన తప్పుడు జవాబును రాసినాయన కళ్లు మూసుకుని అతికిస్తే, ఆ తప్పు ప్రతిరోజూ పరీక్ష నెగ్గుతూనే ఉంటుంది. పైగా రేపు ఎవరైనా ప్రోగ్రామును సరిచేస్తే, తప్పుచేశావని వాళ్లమీదే కేకలేస్తుంది. కాబట్టి దీనికి తోడు విడిగా రాసిన పరీక్షలూ కావాలి, చేత్తో లెక్క వేసి చూసే మనిషీ కావాలి. ఉదాహరణలు ఉన్నాయి కదా అని మిగతా పరీక్షలు మానేయడం బద్ధకమే.

అయినా దీని విలువ అందరికీ కళ్లారా కనిపించిన సందర్భం ఒకటుంది. 2020 జనవరిలో వచ్చిన సేజ్ 9.0 పైథాన్ 3కి మారింది. అంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కు పునాది మార్చేటప్పుడు ఎక్కడ ఏం విరిగిందో తెలియాలంటే, ఏళ్ల తరబడి పోగుపడిన ఉదాహరణలే దిక్కయ్యాయి. భాగహారం దగ్గర, వరుసల దగ్గర, అచ్చు దగ్గర విరిగినవి ఒక్కొక్కటిగా దొరికాయి. ఇదే ఆలోచన ఇప్పుడు జూలియా, రస్ట్ లాంటి భాషల్లోనూ ఉంది. సింపై అనే మరో గణిత సాఫ్ట్‌వేర్‌కూ ఇదే కాపలా. దానికి పనిచేసినవాళ్లలో మన దేశపు విద్యార్థులు చాలామంది ఉన్నారు.

సేజ్ పాఠాలు ఫ్రెంచి, జర్మన్, జపనీస్, రష్యన్ భాషల్లో ఉన్నాయి. తెలుగులో లేవు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, మదనపల్లెలోనూ కుప్పంలోనూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. వాక్యాలు తెలుగులో రాసినా మూడు గుర్తుల లైన్లు మారవు కాబట్టి, తెలుగు పాఠాన్నీ ఇదే యంత్రం పరీక్షించగలదు. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం వెతుక్కునే విద్యార్థులు ఒక్క అధ్యాయంతో మొదలుపెట్టండి. ప్రతి ఉదాహరణనూ నడిపి చూశాకే అచ్చుకివ్వండి.