అశోక్‌నగర్ మిద్దె మీద ఎంత పండుతుంది?

ఇంట్లోనే పండించుకుందాం అనుకున్నవాళ్లు ముందుగా అడిగేది ఏ కుండీ కొనాలి, ఏ విత్తనం తేవాలి అని. అంతకంటే ముందు వేసుకోవలసిన లెక్క ఒకటుంది. మనకున్న జాగాలో మన తిండికి కావలసినదాంట్లో ఎంత భాగం పండుతుంది? ఈ లెక్క చూసుకోకుండా పెద్ద ఆశతో మొదలుపెట్టి, ఒక ఎండాకాలం గడిచేసరికి ఖాళీ కుండీలను మెట్ల కిందికి నెట్టేసిన ఇళ్లు ఎన్నో.

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల్లో జాగా అంటే ఇప్పుడు మిద్దే. పెరడున్న పాత ఇళ్లు చాలావరకు పోయాయి. వాటి చోట అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు లేచాయి. నేల మీద మిగిలినది బండ్లు నిలుపుకోవడానికే సరిపోతోంది. పైన కూడా నీళ్ల ట్యాంకులు, బట్టలారేసే తీగలు, సోలార్ పలకలు పోగా మిగిలిందే మనది.

వంద చదరపు మీటర్ల మిద్దె, అంటే సుమారు 120 గజాలు, పూర్తిగా మనదే అనుకుందాం. దాని నిండా వరి వేశాం. ఎకరాకు 20 క్వింటాళ్ల దిగుబడి వస్తే చదరపు మీటరుకు అరకిలో వడ్లు. మిద్దె మొత్తం మీద 50 కిలోలు. మర పట్టిస్తే 33 కిలోల బియ్యం చేతికొస్తాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు పావుకిలో ధాన్యం చాలు. నలుగురున్న ఇంటికి రోజుకు కిలో. నాలుగు నెలలు కష్టపడి పండించిన పంట ఒక నెలకు సరిపోతుంది. మిద్దె మీద స్వయంసమృద్ధి అన్న మాట తిండిగింజల విషయంలో నిలవదు. దాన్ని ముందే ఒప్పుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

అదే లెక్కను ఆకుకూరకు వేస్తే కథ మారుతుంది. ఆ సంస్థే రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది. అందులో 100 గ్రాములు ఆకుకూర అనుకుందాం. నలుగురికి నెలకు 12 కిలోలు. పాలకూర, తోటకూర బాగా చూసుకుంటే నెలకు చదరపు మీటరుకు కిలో దాకా కోసుకోవచ్చు. అంటే 12 చదరపు మీటర్ల మడులు చాలు. ఒక మోస్తరు పడకగదంత జాగా. మొత్తం మిద్దెలో ఎనిమిదో వంతు కూడా కాదు. వంకాయ, టమాటా, బెండ ఈ రెండు కొసల మధ్య ఉంటాయి. కొన్ని వారాలు బుట్ట నిండుతుంది, కొన్ని వారాలు ఏమీ ఉండదు. అందుకే నా సలహా ఒక్కటే: మొదటి ఏడాది ఆకుకూర తప్ప ఇంకేమీ వేయకండి.

ఆకుకూరనే ముందుపెట్టడానికి జాగా లెక్క ఒక్కటే కారణం కాదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు పోయే నాలా అశోక్‌నగర్ పక్కనుంచే సాగి, హిమాయత్‌నగర్, నారాయణగూడల మీదుగా వెళ్లి మూసీలో కలుస్తుంది. దారిలో ఊరి మురుగంతా మోసుకుపోతుంది. నగరం దాటాక ఆ మూసీ నీళ్లతోనే పశువుల గడ్డి, వరి, ఆకుకూరలు పండుతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆవరణ నుంచి పనిచేసిన అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఈ సాగును ఏళ్ల తరబడి గమనించి రాశారు. అక్కడి రైతులను తప్పుపట్టడం అన్యాయం. ఆ నీళ్లను మురికి చేసి పంపింది మనమే. పైగా మార్కెట్‌కొచ్చే ఆకుకూరంతా అక్కడిదీ కాదు. కానీ చిక్కడపల్లి మార్కెట్లో చేతికొచ్చిన పాలకూర కట్ట ఏ నీళ్లు తాగి పెరిగిందో కొనేవాళ్లకు తెలిసే దారి లేదు. ఆకు మనం తొక్క తీసి తినే వస్తువు కాదు, కోసిన పూట నుంచే వాడిపోతుంది. ఇంట్లో పండిస్తే అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించేది అందుకే ఆకుకూరలో.

ఈ విషయంలో మన దగ్గరే దారి చూపినవాళ్లున్నారు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నగర శివార్లలోని నారపల్లిలో తన ఇంటి పైన తోట పెంచి, ఆ అనుభవాన్ని ‘మిద్దెతోట’ పేరుతో పుస్తకంగా రాశారు. ‘సాక్షి’ దినపత్రిక ‘ఇంటిపంట’ శీర్షికతో ఇలాంటి తోటలను ఏళ్ల తరబడి పరిచయం చేసింది. దేశం బయట క్యూబాను చూడండి. 1991లో సోవియట్ యూనియన్ కూలి ఎరువులు, డీజిల్ రాక ఆగిపోయినప్పుడు హవానా జనం ఖాళీ స్థలాలన్నిటిలో మడులు కట్టి కూరగాయలు పండించారు. ఆ కరువు కాలంలోనూ బియ్యం మాత్రం బయటి నుంచి తెచ్చుకోక తప్పలేదు.

ఇక అసలు జాగ్రత్త బరువు. చాలామంది చీడపీడల గురించి బెంగపడతారు గానీ స్లాబు గురించి ఆలోచించరు. తడి మట్టి ఘనపు మీటరుకు 1,600 నుంచి 1,800 కిలోల దాకా తూగుతుంది. అడుగు లోతున మట్టి పోస్తే చదరపు మీటరు మీద పడే బరువు 500 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు ఐ.ఎస్. 875 ప్రమాణం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. అంటే మూడు రెట్లు దాటిపోయాం. ముప్పై, నలభై ఏళ్ల కిందట కట్టిన ఇంటి మీద ఆ సాహసం అస్సలు వద్దు.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, లోతు తగ్గించడం. ఆకుకూరల వేళ్లకు ఆరంగుళాలు చాలు. రెండోది, మట్టిని తేలిక చేయడం. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు కొబ్బరి పొట్టు, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ, దానితోపాటు గుప్పెడు వేపపిండి కలిపితే తడిసినప్పుడు కూడా బరువు చాలా తగ్గుతుంది. ఇలా నింపినా అది 150 కిలోల హద్దుకు దగ్గరగానే ఉంటుందని గుర్తుంచుకుని, మిద్దె నిండా పరచకుండా దూలాలు, పిల్లర్లు ఉన్న అంచుల వెంట అమర్చాలి. తొట్లను ఇటుకల మీద పెడితే కింద గాలి ఆడుతుంది, స్లాబు చెమ్మ పట్టదు, వాననీళ్ల గొట్టం మూసుకుపోతే వెంటనే తెలుస్తుంది. అపార్ట్‌మెంటైతే ఇంకో మాట: మిద్దె అందరిదీ కాబట్టి అసోసియేషన్‌లో అడిగి, ఇంజినీరుకు చూపించాకే మొదటి తొట్టి పైకి ఎక్కించండి.

నీళ్ల సంగతి ఎండాకాలంలో తేలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 12 చదరపు మీటర్ల మడులకు రోజుకు 70 లీటర్ల దాకా పడుతుంది, అంటే నెలకు రెండు వేల లీటర్లు. ట్యాంకర్ నీళ్లు కొనే అపార్ట్‌మెంట్లో అది చిన్న ఖర్చు కాదు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 80 వేల లీటర్లు కురుస్తాయన్నమాట. అయితే ఆ వాన ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. మే నెల దాకా దాచుకునే తొట్టి ఎవరింట్లోనూ ఉండదు. ఆ వాననీళ్లను ఇంకుడు గుంతకు పంపి, వేసవిలో సగం మడులను ఖాళీగా ఉంచడం మేలు. మిగతా సగం మీద పచ్చ నీడవల కట్టి, ఉదయాన్నే నీళ్లు పెట్టాలి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు పోయవచ్చు. ఆర్వో యంత్రం వదిలే నీళ్లు మాత్రం రోజూ పోయకండి. అందులో ఉప్పులు ఎక్కువ. కొన్నాళ్లకు మట్టి పైన తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి.

ఏం వేయాలంటే, మన నోటికి అలవాటైనవే. మృగశిర కార్తెలో వాన మొదలవగానే తోటకూర, పుంటికూర చల్లండి. తోటకూర నెలలోపే కోతకొస్తుంది, పుంటికూర నెలన్నర తీసుకుంటుంది. పాలకూర, మెంతి, కొత్తిమీర చలికాలంలో హాయిగా పెరుగుతాయి. పాలకూరను వేళ్లతో పీకకుండా పైపైన కోస్తే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. బచ్చలి, పొన్నగంటి, పుదీనలకు విత్తనమే అక్కర్లేదు, మార్కెట్లో తెచ్చిన కట్టలోంచి ముదురు కాడ గుచ్చితే చాలు. గంగవాయిల కూర ఎవరూ వేయకుండానే మొలుస్తుంది, దాన్ని కలుపని పీకేయకండి. ఒకేసారి అన్నీ చల్లేయకుండా పది రోజులకొక మడి చొప్పున చల్లుతూ పోవాలి. లేకపోతే ఒక వారం పంచిపెట్టలేనంత ఆకు, తర్వాతి మూడు వారాలు మార్కెట్టే గతి. విత్తనం చల్లిన మొదటి వారం పావురాలతో పోరు తప్పదు, వల కప్పాల్సిందే. పేనుబంక పడితే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

ఈ వాడల్లో మిద్దె లేనివాళ్లే ఎక్కువ. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదవడానికి జిల్లాల నుంచి వచ్చి ఒక మంచం, ఒక బల్ల పట్టే గదిలో ఏళ్లు గడిపే పిల్లలకు తోట ఎక్కడిది? వాళ్లకు నేను చెప్పేది మొలకలు. పిడికెడు పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంపి తడిబట్టలో కట్టి ఉంచితే మర్నాటికి తెల్లటి మొలక వస్తుంది. ఎండ అక్కర్లేదు, మట్టి అక్కర్లేదు. హాస్టల్ భోజనంలో తరచూ కొరతపడే మాంసకృత్తులకు పెసలు ఆసరా, మొలకెత్తితే విటమిన్ సి కూడా చేరుతుంది. రోజుకు మూడు నాలుగు గంటలు ఎండ తగిలే కిటికీ ఉంటే ఒక పాత పెయింట్ బకెట్‌లో పుదీన బతుకుతుంది. బాగా కడిగి, అడుగున రంధ్రాలు చేయడం మరవకూడదు.

మొదటి ఏడాది విత్తనాలు కొనక తప్పదు. నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా పెట్టినప్పుడు అన్ని రకాలూ ఒకచోట దొరుకుతాయి. పొట్లం మీద ‘హైబ్రిడ్’ అని ఉంటే పక్కన పెట్టి నాటు రకం అడగండి. హైబ్రిడ్ మొక్క నుంచి తీసిన గింజ తల్లి లక్షణాలతో రాదు. మడిలో బలంగా ఉన్న నాలుగైదు తోటకూర మొక్కలను కోయకుండా వదిలితే వెన్ను వేసి, ఎండాక దులిపితే నల్లటి సన్న గింజలు రాలుతాయి. ఒక్క మొక్క గింజలే వచ్చే ఏడాది మడులన్నిటికీ సరిపోయి పక్కింటికి ఇచ్చేటన్ని ఉంటాయి. వాటిని నీడలో బాగా ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి, సీసాలో పోసి, రకం పేరూ నెలా రాసి అంటించండి.