పికప్ బండి గేర్‌బాక్స్ ఆయిల్: చూడడం, పోయడం

పికప్ బండి గేర్‌బాక్స్‌లోని ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా మండి తరిగిపోదు. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. తగ్గినంత పోసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. ఏ సీలు దగ్గర, ఏ నట్టు దగ్గర తడి కనిపిస్తోందో వెతికి పట్టుకుంటేనే పని పూర్తవుతుంది.

ఉద్దానం కొబ్బరి, పలాస జీడిపప్పు, తీరం నుంచి చేపలు మోసే బొలెరో, దోస్త్ లాంటి బండ్లు ఎక్కువగా చేతి గేర్లవే. వీటి గేర్‌బాక్స్‌కు సాధారణంగా డిప్‌స్టిక్ ఉండదు. పక్కన కొంత ఎత్తులో ఫిల్లర్ నట్టు, అడుగున డ్రెయిన్ నట్టు ఉంటాయి. బండిని చదునైన చోట, వీలైతే షెడ్డులో గుంట మీద నిలిపి, ఇంజన్ ఆపి, కాసేపాగి ఫిల్లర్ నట్టు విప్పాలి. ఆయిల్ ఆ రంధ్రం కింది అంచుదాకా ఉంటే సరిపోయినట్టే. వేలు లోపలికి వంచినా తగలకపోతే, అంచు మీదుగా కారేదాకా పంపుతో ఎక్కించి, ధార ఆగాక నట్టు బిగించాలి. ఒక్క పక్కనే జాకీ పెట్టి లేపి చూస్తే మట్టం తప్పుగా కనిపిస్తుంది. పైగా జాకీని నమ్ముకుని బండి కిందికి దూరడం ప్రాణాంతకం.

ఆయిల్ మార్చేటప్పుడు ముందుగా విప్పాల్సింది ఫిల్లర్ నట్టు. చేపల బండ్లలో పెట్టెల నుంచి ఐసు కరిగిన ఉప్పునీళ్లు కిందికి కారుతూ నట్లను తుప్పు పట్టిస్తాయి. డ్రెయిన్ నట్టు తీసి ఆయిలంతా దించేశాక ఫిల్లర్ నట్టు రాకపోతే, కొత్త ఆయిల్ పోసే దారి లేక బండి అక్కడే ఆగిపోతుంది.

ఆయిల్ రకం విషయంలోనే ఎక్కువ నష్టం జరుగుతోంది. వెనక ఇరుసులోని క్రౌన్‌కు వాడే జీఎల్-5 ఆయిల్‌ను, డబ్బా చేతిలో ఉంది కదా అని గేర్‌బాక్స్‌లోనూ పోసేస్తారు. అందులోని గంధకపు రసాయనాలు కొన్ని గేర్‌బాక్స్‌లలోని ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. గేరు మారేటప్పుడు గరగరమంటుంది. కంపెనీ పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 మాత్రమే పోయాలి.

ఆటోమేటిక్ పికప్‌లు ఈ వైపు తక్కువే అయినా వస్తున్నాయి. 2016 నుంచి శ్రీసిటీలో నడుస్తున్న ఇసుజు కర్మాగారపు వీ-క్రాస్, టయోటా హైలక్స్ ఆ కోవలోనివి. వీటి గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని పళ్లచక్రాలను తడపడంతో ఆగదు. ఇంజన్ బలాన్ని చక్రాలవైపు పంపేది, లోపలి క్లచ్‌లను ఒత్తిడితో బిగించేది, వేడిని బయటికి మోసేది కూడా అదే. ఇంజన్ ఆయిల్‌తో పొరపడకుండా దీనికి సాధారణంగా ఎర్ర రంగు కలుపుతారు. 1970ల తొలినాళ్లదాకా అమెరికాలో ఇందులో తిమింగలం నూనె కూడా పడేది. తిమింగలాల రక్షణకు చట్టం వచ్చాక వేరే మిశ్రమాలు కనిపెట్టాల్సి వచ్చింది.

డిప్‌స్టిక్ ఉన్న ఆటోమేటిక్‌లలో మట్టాన్ని సాధారణంగా ఇంజన్ నడుస్తుండగానే చూస్తారు. బండి కొంతదూరం తిరిగి వేడెక్కాక, బ్రేకు తొక్కి పట్టి, లీవరును అన్ని స్థానాల్లో ఒక్కో క్షణం నిలిపి, పార్కుకు తేవాలి. కడ్డీ తీసి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ దించి చూడాలి. ‘హాట్’ గుర్తుల మధ్య ఉంటే చాలు. తక్కువైతే అదే గొట్టంలోంచి కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ చూసుకోవాలి. ఎక్కువైనా ముప్పే. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తే ఒత్తిడి పడిపోయి క్లచ్‌లు జారతాయి.

కొత్త ఆటోమేటిక్‌లు చాలావాటికి కడ్డీ ఉండదు. నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండేలా లేపి, ఆయిల్ కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకు చేరాక, ఇంజన్ నడుస్తుండగా చెక్ నట్టు విప్పుతారు. సన్నగా కారి చుక్కలకు తగ్గితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. ఉష్ణోగ్రత చూపే స్కానర్ లేని చోట ఈ పని చేయించకూడదు. ఆయిల్ మార్చేటప్పుడు అడుగున దించినా పాతదంతా రాదు. ఇంజన్ బలాన్ని ఆయిల్‌తో అందించే టార్క్ కన్వర్టర్‌లో చాలా భాగం ఉండిపోతుంది. కాబట్టి దిగినదాన్ని కొలిచి, ముందు అంతే పోసి, తర్వాత మట్టం సరిచూడాలి.

సాలూరు దాటి సుంకి మీదుగా ఒడిశాకు బరువుతో ఘాట్ ఎక్కే బండ్లలో ఆయిల్ బాగా వేడెక్కి త్వరగా పాడవుతుంది. ఆటోమేటిక్‌లో అది నల్లబడి మాడువాసన వస్తే క్లచ్‌లు కాలుతున్నాయని అర్థం. బరువు మోసే బండ్లకు పుస్తకంలో వేరే గడువు ఇస్తారు, దాన్నే పాటించాలి.

నీళ్లతో వచ్చే చేటు మరో రకం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు వంశధార పొంగినప్పటిలా రోడ్లు మునిగినప్పుడు, వేడిగా ఉన్న గేర్‌బాక్స్ వరదలో దిగి ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ గొట్టం నీటిలో ఉంటే అందులోంచి నీళ్లను లాగేస్తుంది. ఆటోమేటిక్‌లో ఆయిల్ పాలు కలిసినట్టు గులాబీ రంగుకు, చేతి గేర్ల బండిలో బూడిద తెలుపుకు తిరుగుతుంది. అలాంటి బండిని స్టార్టు చేయకుండా షెడ్డుకు లాగించి, ఆయిల్ మార్చాలి. ఆటోమేటిక్‌లోనైతే ఒకసారి మారిస్తే సరిపోదు, నీటి జాడ పోయేదాకా మార్చాలి. నీళ్లు ఎక్కువకాలం నిలిస్తే క్లచ్ పలకల మీది పూత జిగురు వదిలి ఊడివస్తుంది. అప్పుడు గేర్‌బాక్స్ విప్పక తప్పదు.